పొట్టేళ్ల వేసవి: పాకాల దగ్గరి మా మంద ప్రాజెక్టు డైరీ

ఫాల్గుణం చివర

ఈ ఏడు లెక్కంతా పొట్టేళ్ల మీదే పెడుతున్నాను. మా ఊళ్లో గొర్రె కట్టకపోతే, అంటే చూలు నిలవకపోతే, నింద నేరుగా గొర్రె మీదకే పోతుంది. గొడ్డుపోయింది అంటారు, వచ్చే సంతకు తోలేస్తారు. పోయిన ఏడు మా పెద్దనాయన అలా అమ్మేసిన వాటిలో అంతకు ముందు చక్కగా ఈనిన గొర్రెలు ఉన్నాయి. వేరే మందలో చేరాక అవి కట్టాయని తర్వాత తెలిసింది. అంటే వాటిలో లోపం లేదు. మరి ఎక్కడుంది?

ఒక గొర్రె కట్టకపోతే మనకు పోయేది ఒక పిల్ల. పొట్టేలుకు మాత్రం పాతిక ముప్పై గొర్రెలను అప్పజెబుతాం. దానిలో తేడా వస్తే ఆ ఈత మొత్తం పోయినట్టే. అయినా కొనేటప్పుడు ఎత్తు, కొమ్ములు, నడక చూసి బేరమాడతామే గానీ, వెనక్కి పోయి విత్తులు (వృషణాలు) పట్టి చూసేవాళ్లు తక్కువ. ఆ పనేదో పద్ధతిగా చేసి రాసిపెట్టాలని ఈ డైరీ మొదలుపెట్టాను.

మా దగ్గర మూడు విత్తనపు పొట్టేళ్లు ఉన్నాయి, మూడూ నెల్లూరు జాతివే. పెద్దోడికి ఏడేళ్లు దాటుతున్నాయి. నడిపోడు నాలుగు పళ్లు వేశాడు, అంటే రెండేళ్ల ఈడు. చిన్నోడికి ఇంకా పాలపళ్లే, ఏడాది నిండలేదు. వయసు తేడా చూడ్డానికి ఇంతకంటే మంచి వరస దొరకదు. ఎండ తేడా చూడ్డానికి పెద్దనాయన పొట్టేలు ఉంది. అది నడిపోడి ఈడుదే, ఒకే చోట కొన్నాం. అది ఎప్పటిలాగే మందతో పాటు ఎండలో తిరుగుతుంది. మావి మూడూ ఈ వేసవంతా నీడలో ఉంటాయి.

కొలతకు దర్జీ టేపు చాలు. పొట్టేలును నిలబెట్టి, వెనక నుంచి ఒక చేత్తో విత్తులను మెల్లగా కిందికి జరిపి, అవి ఉండే తిత్తి (సంచి) ముడతలు పోయేలా పట్టుకుని, లావుగా ఉన్న చోట చుట్టుకొలత తీయాలి. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. చుట్టుకొలత ఎక్కువ ఉన్న పొట్టేలు ఎక్కువ వీర్యకణాలు తయారుచేస్తుంది, ఎందుకంటే కణాలు తయారయ్యేది విత్తుల్లోని కండలోనే. దాని కంటే ముఖ్యం వేళ్లకు తెలిసేది. విత్తు గట్టిగా, కొంచెం ఎగదన్నినట్టు ఉండాలి. రెండూ ఒకే సైజులో ఉండాలి. కింది కొసన ముడిలా తగిలేది తయారైన వీర్యం నిల్వ ఉండే చోటు, అది బిగువుగా ఉందంటే సరుకు ఉన్నట్టు.

నడిపోడివి అలాగే ఉన్నాయి. చిన్నోడివి చిన్నవే కానీ గట్టిగా ఉన్నాయి. పెద్దోడి ఎడమ విత్తు మెత్తగా ఉంది, కుడిదానికంటే చిన్నది కూడా. ఎన్నో ఏళ్లుగా ఈ మందకు తండ్రి వాడు, మంచి పిల్లలనిచ్చాడు. వేళ్లకు అలా తగిలేసరికి మనసుకు కష్టంగా అనిపించింది.

అశ్వని కార్తె

పందిరి పని అయిపోయింది. మామిడి తోట గట్టున చింతచెట్టు కిందే వేశాం. పైన కొబ్బరాకు, పక్కలు తెరిచి ఉంచాం. రేకులు వద్దన్నాను, మధ్యాహ్నం రేకు కింద ఉండడం ఎండలో ఉండడం కంటే ఏమంత మేలు కాదు. మేత తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలాక. నీళ్ల తొట్టి నీడలోనే.

తిండి గురించి కొంచెం చెప్పాలి. ఈ కాలంలో మేతలో పచ్చదనం ఉండదు. పచ్చి మేత చాలాకాలం అందకపోతే విటమిన్ ఎ తగ్గుతుంది, అది తగ్గితే విత్తుల్లో వీర్యం తయారయ్యే పొర దెబ్బతింటుంది. అందుకే అవిశాకు, మునగాకు రోజూ కొంచెం కోసి వేస్తున్నాం. ఉడికించిన ఉలవలు, చెనిక్కాయ చెక్క, ఖనిజ లవణ మిశ్రమం తోడు. పొట్టేలును గొర్రెల్లో వదలడానికి రెండు నెలల ముందు నుంచి మేపు పెంచితే విత్తుల సైజు పెరుగుతుంది. ఇది చాలా దేశాల్లో చూసి తేల్చిన విషయమే. పత్తిగింజల చెక్క మాత్రం పొట్టేళ్ల దరిదాపుల్లోకి రానివ్వను. అందులో గాసిపాల్ అనే పదార్థం మగ జీవాల వీర్యకణాలను పాడుచేస్తుంది. అంగట్లో చవగ్గా వస్తుందని మందలో అందరికీ ఒకే తొట్టిలో వేసేస్తుంటారు, అదే బాధ.

మూడింటినీ గొర్రెల నుంచి వేరు చేశాం. పెద్దోడు రెండు రోజులు ఒకటే అరుపు.

కృత్తిక కార్తె

తిరుపతిలో 40 డిగ్రీలు దాటిపోయింది. మాకూ అంతే, పైగా గుట్ట పక్కన కాబట్టి రాళ్లు రాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటాయి. రాత్రి చల్లబడకపోవడం పొట్టేలుకు పగటి ఎండ కంటే ఎక్కువ చేటు అని నా నమ్మకం, ఎందుకంటే కోలుకునే టైమే దొరకదు.

కరోనా రోజుల్లో కొన్న తుపాకీ థర్మామీటరు ఇంట్లో పడి ఉంది. దాన్ని వస్తువుల వేడి చూసే మోడ్‌లో పెట్టి తిత్తి మీద చూస్తున్నాను. పొట్టేలు ఒంటి వేడి మామూలుగా 39 డిగ్రీల దగ్గర ఉంటుంది. విత్తులు దానికంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాలు సరిగా తయారవుతాయి. అందుకే అవి ఒంటి బయట వేలాడుతూ ఉంటాయి. చలికి తిత్తి ముడుచుకుని పైకి పోతుంది, వేడికి వదులై కిందికి జారుతుంది. లోపల ఇంకో ఏర్పాటు ఉంది. పైనుంచి వేడి రక్తం తెచ్చే నాళం చుట్టూ, కింది నుంచి చల్లబడ్డ రక్తం తీసుకెళ్లే సన్నటి నాళాలు తీగలా అల్లుకుని ఉంటాయి. దిగే రక్తం వేడిని ఎక్కే రక్తం లాగేసుకుంటుంది. తిత్తి చర్మానికి చెమట కూడా పడుతుంది. ఇవన్నీ కలిసి పనిచేస్తేనే ఆ నాలుగైదు డిగ్రీల తేడా నిలుస్తుంది.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు పందిరి కింద నడిపోడి తిత్తి మీద 34 చిల్లర చూపించింది. అదే టైముకు పెద్దనాయన పొట్టేలు కంచె పక్కన నిలబడి రొప్పుతోంది, తిత్తి పూర్తిగా జారిపోయి ఉంది. అక్కడ 37కు దగ్గరగా చూపించింది. దాని రొప్పు చూస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. ఒళ్లు వేడెక్కకపోయినా ఒక్క తిత్తిని వేడి చేస్తే చాలు, పొట్టేలు రొప్పడం మొదలుపెడుతుందట. ఆ చోటు చల్లగా ఉంచుకోవడం దానికి అంత అవసరం.

పెద్దనాయనకు అంకెలు చూపించాను. "ఎండాకాలం ఎండ గాక వానొస్తాదా అబ్బోడా? మా తాత కాలం నించి పొట్టేళ్లు ఇట్నే తిరగతా ఉండాయి" అన్నాడు. నిజమే, తిరుగుతున్నాయి. మృగశిరలో వదిలితే ఎన్ని కడుతున్నాయి అన్నది మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే కార్తెలోనే పరీక్ష పెట్టుకున్నాం. మా ఊరి అమ్మాయి తిరుపతి వెటర్నరీ కాలేజీలో గైనకాలజీలో పీజీ చేస్తోంది. మైక్రోస్కోపు, రంగు ద్రావణం, గాజు కప్పులు తీసుకుని పొద్దున్నే వచ్చింది. ఎండ ఎక్కక ముందే అయిపోవాలంది.

ఎదలో ఉన్న గొర్రెను కట్టేసి, పొట్టేలు ఎక్కబోతుండగా రబ్బరు గొట్టంలోకి మళ్లించి వీర్యం తీశారు. గొట్టం గోడల్లో 42 నుంచి 45 డిగ్రీల వేడినీళ్లు ఉంటాయి. ఆబోతుకైనా పొట్టేలుకైనా ఆ వేడి తగ్గితే పని జరగదు. ఒక్క దూకు, అంతే. కప్పు అడుగున చిక్కటి మీగడ రంగు వీర్యం, ఒక మిల్లీలీటరు అటూఇటూ. ఇంత చిన్న బొట్టులోనే వందల కోట్ల కణాలుంటాయి. ఆబోతు ఒకసారికి అయిదారు మిల్లీలీటర్లు ఇస్తుంది కానీ అంత చిక్కగా ఉండదు.

ముందు నడిపోడిది. వెచ్చని గాజు పలక మీద బొట్టు పెట్టి నన్ను చూడమంది. విడివిడిగా కణాలేం కనబడలేదు. బొట్టంతా నల్లగా, తెల్లగా సుళ్లు తిరుగుతోంది, ఒక సుడి లేచి ఇంకోదాన్ని తోసేస్తోంది. ఈ అలకు సున్నా నుంచి అయిదు దాకా మార్కులేస్తారు. నడిపోడికి నాలుగు వేసింది. నా గుండె నిమ్మళించింది.

పెద్దనాయన పొట్టేలుది పైకి చూస్తే అంతే చిక్కగా ఉంది. పలక మీద మాత్రం సుళ్లు లేవు, అక్కడక్కడా వణుకు. రంగు వేసి చూస్తే తేడా ఇంకా బాగా తెలిసింది. నల్లటి నేల మీద బతికున్న కణం తెల్లగా నిలుస్తుంది, చచ్చిన కణం రంగు పీల్చుకుని గులాబీగా మారుతుంది. ఆ పొట్టేలు పలకలో గులాబీవే ఎక్కువ. తోకలు చుట్టుకుపోయినవి, తల ఊడిపోయినవి చాలా కనబడ్డాయి. అది గొర్రె మీదికెక్కి దాటడంలో మాత్రం ఏ మాత్రం వెనకాడలేదు. మనం మోసపోయేది సరిగ్గా ఇక్కడే. మదం వేరు, వీర్యం వేరు. ఎండ దెబ్బకు మొదట చెడేది వీర్యం, కోరిక ఆ తర్వాతే తగ్గుతుంది. దాటుతోంది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం.

చిన్నోడిది కొంచెమే వచ్చింది, అల మధ్యస్తం. చాలా కణాలకు మెడ దగ్గర చిన్న బొట్టు అంటుకుని ఉంది. "ఇవి ఇంకా పండలేదన్నా. కుర్ర పొట్టేళ్లలో ఇట్లే ఉంటాయి, వయసొస్తే తగ్గిపోతాయి. వీడికి పదికి మించి గొర్రెలను ఇవ్వొద్దు" అంది ఆ అమ్మాయి. పెద్దోడిది పలచగా, నీళ్లలా ఉంది. నీడలో ఉంచినా, అవిశాకు వేసినా అంతే. మెత్తబడ్డ విత్తులో వీర్యం తయారయ్యే పొర కొంత పోయి ఉంటుంది, దాన్ని మేపుతో తిరిగి తేలేం.

మృగశిర కార్తె

వాన పడింది. ఊరంతా పొట్టేళ్లను గొర్రెల్లో వదిలే సంబరం. పెద్దనాయన కూడా వదిలేశాడు. "చల్లబడింది గదా, ఇంకేంది" అన్నాడు. ఈ ఒక్క మాట మీద మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం.

పొట్టేలులో ఒక వీర్యకణం మొదలై పూర్తిగా తయారవడానికి ఏడు వారాలు పడుతుంది. ఆ తర్వాత విత్తును అంటుకుని ఉండే సన్నటి గొట్టాల్లో పండడానికి ఇంకో పది పద్నాలుగు రోజులు. మొత్తం రెండు నెలలు. అంటే ఈ రోజు వానలో తడుస్తూ పొట్టేలు గొర్రెలో వదిలే కణం చైత్ర వైశాఖాల ఎండలో మొదలైంది. వాన ఇప్పుడు పడింది కాబట్టి మంచి కణం ఇప్పుడు మొదలవుతుంది, అది బయటికి వచ్చేసరికి శ్రావణం. గట్టి జ్వరం తగిలినా ఇదే లెక్క. నీలినాలుక లాంటి జబ్బు వచ్చి తగ్గిన పొట్టేలు పైకి బాగానే తిరుగుతుంటుంది కానీ రెండు నెలలు దాన్ని నమ్మలేం. ఆబోతుకు ఇంకొంచెం ఎక్కువ రోజులే పడుతుంది.

మృగశిరలో గొర్రెలు కట్టాలంటే పొట్టేలుకు నీడ ఉగాదికే వేయాలి. ఈ డైరీలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

చలిదేశాల పుస్తకాలు చదివితే పగటి పొడవు గురించే ఎక్కువ ఉంటుంది. అక్కడ పగలు తగ్గేకొద్దీ మెదడులో మెలటోనిన్ ఎక్కువసేపు ఊరుతుంది, పొట్టేలు విత్తులు ఉబ్బుతాయి, వసంతం వస్తే మళ్లీ చిన్నవవుతాయి. మన తిరుపతిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటన్నరే. మన జీవాలకు ఆ కట్టడి బలంగా ఉండదు, ఏడాది పొడవునా దాటగలవు. మనకు రుతువంటే ఎండ, మేత. రెండూ మన చేతిలో కొంతైనా ఉన్నవే, అదే నాకు ధైర్యం.

గుర్తు పెట్టే పద్ధతి: జాజు అనే ఎర్రమట్టి రంగును చెనిక్కాయ నూనెలో చిక్కగా కలిపి పొట్టేలు ఎదురురొమ్ముకు పూస్తున్నాం. అది ఏ గొర్రెను దాటితే ఆ గొర్రె నడుము మీద ఎర్రమచ్చ పడుతుంది. రెండు మూడు రోజులకోసారి మళ్లీ పూయాలి. గొర్రె పదిహేడు రోజులకోసారి ఎదకొస్తుంది కాబట్టి, పదిహేడు రోజులయ్యాక జాజు ఆపేసి బట్టల నీలం కలిపి పూస్తాం. ఎర్రమచ్చ మీద నీలం పడిందంటే ఆ గొర్రె మొదటిసారి కట్టలేదని అర్థం. ఒక గొర్రె మీదో రెండు గొర్రెల మీదో నీలం పడితే గొర్రెలను చూడాలి. మందంతా నీలమైతే పొట్టేలును చూడాలి. ఖర్చు లేని పరీక్ష ఇది, మైక్రోస్కోపు దొరకని ఊళ్లో కూడా చేసుకోవచ్చు. పెద్దనాయన తన పొట్టేలుకూ పూయడానికి ఒప్పుకున్నాడు, అదే పెద్ద సంగతి.

పెద్దోడిని వదల్లేదు. గొర్రెలను నడిపోడికి, చిన్నోడికి పంచాం, చిన్నోడి దొడ్డిలో తక్కువ.

పునర్వసు

నీలం మొదలైంది. నడిపోడి గొర్రెల్లో నీలం పడ్డవి నాలుగో వంతు కూడా లేవు. చిన్నోడి దొడ్డిలో కొంచెం ఎక్కువే, అయినా బెంగలేదు. పెద్దనాయన మందలో సగానికి పైగా నీలమే. ఆయన సాయంత్రం కట్ట మీద కూర్చుని వాటిని అలా చూస్తూనే ఉన్నాడు. వాటి తిండి, మా వాటి తిండి ఒకటి కాదు కాబట్టి తేడా అంతా ఎండదే అని నేను అనను. కానీ రోహిణిలో పలక మీద చూసిన దానికీ, ఇప్పుడు నడుముల మీద పడ్డ మచ్చలకూ లెక్క కుదిరింది.

"అయితే పోయిన ఏడు అమ్మిన గొర్రిల్లో తప్పు లేదంటావా?" అని అడిగాడు. లేదన్నాను.

మఖ కార్తె

ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. పెద్దనాయన పొట్టేలు పలక మీద ఇప్పుడు సుళ్లు లేస్తున్నాయి, గులాబీవి బాగా తగ్గాయి. వానలు పడి రెండు నెలలు దాటింది మరి. పెద్దనాయన కూడా మైక్రోస్కోపులో కన్నుపెట్టి చూశాడు, "పుట్టలో చీమలు మాదిరి ఉండాయే!" అని మళ్లీ మళ్లీ చూశాడు. మొదట కట్టని గొర్రెలు ఇప్పుడు కడుతున్నాయి. అవి ఈనేది సంక్రాంతి దాటాక. ఆ పిల్లలు పాలు మాని గడ్డి పట్టే వేళకు ఎండలు ముదురుతాయి, కొండ మీద గడ్డి ఉండదు. మృగశిరలో కట్టిన గొర్రె పిల్లకు ఆ ఇబ్బంది లేదు. రెండు నెలల ఆలస్యం ఖరీదు అక్కడ తెలుస్తుంది.

పెద్దోడి వీర్యంలో మార్పు లేదు. చిన్నోడి కణాల మెడ దగ్గరి బొట్లు చాలావరకు పోయాయి, టేపు కూడా పెరిగింది.

మాటల్లో ఆవుల సంగతి వచ్చింది. మా పక్క అన్నీ జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) లాంటి చలిదేశపు జాతుల సంకర ఆవులే, ఆబోతు కనబడడమే అరుదు, గోపాలమిత్ర అనే పశు కార్యకర్త వచ్చి చూలు కట్టే సూది వేసి పోతాడు. ఆ సూదికి వాడే, గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నటి గొట్టాన్ని స్ట్రా అంటారు; అందులో ఉండేది పావు మిల్లీలీటరు, అందులో రెండు కోట్ల కణాలు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంటుంది. ముందే తీసి దాచుకున్నది కాబట్టి మన మే నెల ఎండ దానికి తగలదు. చలిదేశపు రక్తం ఉన్న ఆబోతును నేరుగా వాడితే ఎండ దెబ్బ గట్టిగానే తగులుతుంది. మన పుంగనూరు, ఒంగోలు లాంటి మూపురం జాతులు బాగా తట్టుకుంటాయి. దున్నపోతులకైతే నల్ల చర్మం, చెమట తక్కువ. వాటిని మడుగులోకి వదలకపోతే వేసవిలో ఏమీ ఆశించలేం. పొట్టేళ్లకు ఆ స్ట్రా సౌకర్యం ఊళ్లలోకి రాలేదు. మనకు బతికున్న పొట్టేలే దిక్కు, కాబట్టి వేసవిలో దాన్ని మనమే కాపాడుకోవాలి.

విశాఖ కార్తె

ఈతలు మొదలయ్యాయి. ముసురు పట్టి దొడ్డంతా చిత్తడి, అరుగు మీద ఎండుగడ్డి పరిచి అక్కడే ఈనిస్తున్నాం. రాత్రిళ్లు నిద్ర లేదు. నడిపోడి పిల్లలు కాళ్లు పొడుగ్గా, పుట్టిన కాసేపటికే లేచి పొదుగు వెతుక్కుంటున్నాయి. చిన్నోడి గొర్రెల్లోనూ చాలావరకు ఈనాయి, ఏడాది పొట్టేలుకు అది బాగా వచ్చినట్టే.

పెద్దోడిని అమ్మలేదు. ఇంట్లో అందరి మాటా అదే, వాడు ఇక్కడే ఉంటాడు, గొర్రెల్లోకి మాత్రం వదలం. చిన్నోడికి రెండు పళ్లు పడ్డాయి. నడిపోడి కూతుళ్లు ఎదకొచ్చేలోపు కొత్త రక్తం తేవాలి కాబట్టి వెంకటగిరి వైపు రెండు పళ్ల పొట్టేలు కోసం చెప్పి ఉంచాం. ఈసారి టేపు జేబులో పెట్టుకునే పోతాను.

పెద్దనాయన నిన్న గట్టు మీద చింతచెట్టు చుట్టూ తిరిగి కొమ్మలు చూసుకుంటున్నాడు. పందిరిని అటువైపు ఇంకో రెండు బారలు పెంచితే తన పొట్టేలు కూడా పడుతుందా అని అడిగాడు. కొబ్బరాకు ఆయనే తెస్తానన్నాడు. మాఘంలో గుంజలు పాతుతున్నాం.